నాలుగూ రెండు నాటి ఫైలు

షట్టరు కిందికి లాగి, లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో పడేసుకున్నాక గాని మేస్త్రి నోరు విప్పలేదు. చేతిలో మూరెడు ఇనపరాడ్డు ఉంది. చొక్కా ముందంతా రక్తం ఎండి అట్టకట్టింది. ఆ రక్తం అతనిది కాదు, తమ్ముడిది.

“అయిపోయిందన్నది ఎవరు?” అన్నాడు.

రేకులు నొక్కి తలుపు బందులు చేసే చిన్న ఫ్యాక్టరీ అది. పొద్దున్న ప్రమాదం జరగగానే పని ఆపేసి అందర్నీ బయటికి పంపేశారు. లోపల మిగిలింది ఇద్దరే. ఒకరు మేనేజరు. రెండో మనిషి, ప్రెస్సు మెషీన్ని నడిపించే జావా ప్రోగ్రాం రాసే ఆవిడ. రాసిన ఫైళ్ళని మెషీనుకి అర్థమయ్యే రూపంలోకి కంపైల్ చేసి, ఒక్క మూటగా కట్టి, మెషీనుకి పంపే బిల్డు స్క్రిప్టు కూడా ఆవిడ చేతిదే. ఏది అడిగినా “స్క్రిప్టులో చూసి చెప్తా” అంటుందని పనివాళ్ళు ఆవిడకి స్క్రిప్టమ్మ అని పేరు పెట్టేశారు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, మేనేజరు కూడా అసలు పేరు మరిచిపోయాడు.

“మేస్త్రీ, కూర్చుని మాట్లాడుకుందాం,” అంటూ మేనేజరు చేతులు చాచి ముందుకొచ్చాడు. ఎలాంటి గొడవనైనా కుర్చీ వేసి సర్దేయొచ్చని నమ్మిన మనిషి పాపం. రాడ్డు అతని దవడ మీద పడింది. రెండు పళ్ళు నేలమీద టకటకా దొర్లాయి. అతను వాటివంక వింతగా చూసి, గోడకి జారి కూలబడ్డాడు. స్పృహ తప్పి మరి లేవలేదు.

“నేనే అన్నాను,” అంది స్క్రిప్టమ్మ.

అన్న మాట నిజమే. నిన్న సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుంటూ, “అయిపోయింది మేస్త్రిగారూ, రేపు మీ తమ్ముణ్ణి ధైర్యంగా చెయ్యి పెట్టమనండి,” అని నవ్వింది కూడా. మేస్త్రి ఇంటికెళ్ళి ఆ మాట తమ్ముడికి చెప్పాడు. తమ్ముడు పొద్దున్న ఎనిమిదిన్నరకి చెయ్యి పెట్టాడు.

“అయిపోయింది. నా తమ్ముడి చెయ్యి అయిపోయింది. మణికట్టు దాకా తీసేశారు. నేనే సంతకం పెట్టొచ్చాను.”

జుట్టు పట్టుకుని ఆవిణ్ణి ఈడ్చాడు. ఫిట్టింగు బెంచికి బిగించిన వైసు ఒకటి ఉంది, ఇనప ముక్కల్ని కదలకుండా పట్టుకునేది. దాని దవడల మధ్య ఆవిడ కుడిచెయ్యి పెట్టి పిడి తిప్పాడు. చల్లటి ఇనుము రెండువైపులా అదుముకుంది. ఆవిడ ల్యాప్‌టాప్ తెచ్చి బెంచి మీద, ఎడమచేతికి అందేలా, శ్రద్ధగా సర్దిపెట్టాడు. ఎంత కోపంలోనూ పనిముట్టుని విసిరెయ్యని మనిషి.

“తప్పు ఎక్కడ జరిగిందో వెతుకు. కంప్యూటరు చేసింది, కరెంటు చేసిందీ అనకు. నాకు మనిషి కావాలి. వంకర మాట చెప్పిన ప్రతిసారీ ఒక తిప్పు.”

ఆవిడకి ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. పన్నెండేళ్ళుగా ఈ చేత్తోనే బతికింది. ఈ చెయ్యి పోతే తనకి ఇంక ఏమీ మిగలదు. ఆ సంగతి మేస్త్రికీ తెలుసు కాబట్టే సరిగ్గా ఆ చెయ్యే పట్టుకున్నాడు.

ఎడమచేత్తో తడబడుతూ ప్రోగ్రాం తెరిచింది. ప్రెస్సు ముందు కాంతి కిరణాల వరస ఒకటి ఉంటుంది. చెయ్యి అడ్డొస్తే మెషీను ఆగాలి. పాత ప్రోగ్రాం పెడలు తొక్కిన క్షణంలో ఒక్కసారే చూసేది. రేకుని నొక్కే దిమ్మ దిగడం మొదలయ్యాక చెయ్యి లోపలికి వెళ్తే దానికి పట్టేది కాదు. నిన్న మధ్యాహ్నం ఒకసారి బిల్డు చేసి, చెక్కముక్క పెట్టి పరీక్షిస్తుంటే ఆ తప్పు బయటపడింది. వెంటనే సరిదిద్దింది.

“ఇదిగో, ఈ వరస. దిమ్మ కదులుతున్నంతసేపూ చూస్తూ ఉండమని రాశాను. మూడూ ముప్పైయారుకి రాశాను. టైము కూడా ఉంది చూడండి.”

“రాస్తే ఎందుకాగలేదు?”

తిప్పాడు. వేళ్ళ కణుపులు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. ఆవిడ కేకకి బయట పనివాళ్ళు షట్టరు మీద గుద్దడం మొదలుపెట్టారు.

“పాత మూట ఇంకోటి ఎక్కడైనా పడుండి, మెషీను దాన్ని తీసుకుందేమో! ఒక్కోసారి అలా అవుతుంది. ఆగండి, చూడనివ్వండి!”

పనివాళ్ళ హాజరు నమోదయ్యే ఆఫీసు గది కంప్యూటర్లోనే బిల్డు కూడా జరుగుతుంది. అందులోకి వెళ్ళి, మెషీనులోకీ వెళ్ళి వెతికింది. మూట ఒక్కటే ఉంది. ఉండాల్సిన చోటే, బుద్ధిగా ఉంది.

“లేదు,” అంది. అబద్ధం చెప్పొచ్చన్న ఆలోచన కూడా రాలేదు. దొరికింది దొరికిందనీ లేనిది లేదనీ చెప్పడం అంతగా అలవాటైపోయింది.

తిప్పాడు. చిటికెన వేలు పుటుక్కుమంది. పక్క వేలు ఇంకాస్త ఓర్చుకుంది, తర్వాత అదీ విరిగింది. కళ్ళముందు తెల్లగా అయిపోయింది. ఆవిడ బెంచి మీద వాంతి చేసుకుంది. మేస్త్రి పక్కనున్న మసిగుడ్డతో ల్యాప్‌టాప్ మీద పడకుండా తుడిచాడు.

“ఇంకా ఉన్నాయి వేళ్ళు. వెతుకు.”

నొప్పి ఒక స్థాయి దాటాక ఆవిడ బుర్ర దాన్ని వదిలేసి పనిలో పడింది. పని అలవాటు అంత చెడ్డది. బిల్డు జరిగినప్పుడు స్క్రిప్టు తను చేసినవన్నీ వరసగా రాసిపెడుతుంది. ఆ చిట్టా తెరిచింది. చివర్లో పెద్దక్షరాలతో బిల్డ్ సక్సెస్‌ఫుల్ అని ఉంది. నిన్న ఆ ముక్క ఒక్కటీ చూసి బ్యాగు సర్దుకుంది. ఇవాళ పైవరసలు కూడా చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ చదివింది.

“ఒక వరస లేదు,” అంది.

“ఏం వరస?”

“ఫైలు కంపైల్ చేస్తే, ఒక ఫైలు కంపైల్ చేస్తున్నానని రాస్తుంది. ఇక్కడ రాయలేదు. అంటే నేను దిద్దిన ఫైలు అసలు ముట్టుకోలేదు. అంతకుముందు బిల్డులో కంపైలైన పాతదే మళ్ళీ మూటగట్టి పంపింది. సక్సెస్‌ఫుల్ అంది, సిగ్గులేకుండా!”

“ఎందుకు ముట్టుకోలేదు?”

“దానికి బద్ధకం మేస్త్రిగారూ. రాసిన ఫైలు టైమూ, కంపైలైన ఫైలు టైమూ పోల్చి చూస్తుంది. కంపైలైంది తర్వాతిదైతే, ఇంక పనేముందిలే అని వదిలేస్తుంది. అందుకే ముందు పాతవన్నీ తుడిచేసి, మొదట్నుంచి కట్టించాలి. దానికి పాతిక నిమిషాలు పడుతుంది.” ఆవిడ ఆగింది. ఆ తర్వాతి మాట మింగేస్తే ఎవరికీ తెలియదు. “నేను తుడవలేదు. మూడూ యాభై బస్సు పోతుందని. చెక్కముక్కతో రెండోసారి పరీక్ష కూడా చెయ్యలేదు. అది నా తప్పే.”

మేస్త్రి దీర్ఘంగా ఊపిరి వదిలాడు. “దొరికింది మనిషి,” అని పిడి మీద రెండు చేతులూ వేశాడు.

“ఆగండి! తుడవకపోయినా ఇది కంపైల్ అవ్వాలి. నేను తర్వాత దిద్దాను కదా, నాదే కొత్తది కదా!” అరుస్తూనే ఆవిడ కంపైలైన పాత ఫైలు టైము చూసింది. నాలుగూ రెండు.

నాలుగూ రెండు. కళ్ళు నులుముకోడానికి చెయ్యి ఖాళీ లేదు. రెప్పలు గట్టిగా మూసి తెరిచింది. నాలుగూ రెండే.

“నిన్న నాలుగూ రెండుకి నేను బస్సులో ఉన్నాను. ఈ ఫైలు ఎలా పుట్టింది? చిట్టా చూడండి, మొదటి బిల్డు నాలుగూ రెండు అంటోంది, దాని తర్వాత చేసిన బిల్డు మూడూ ముప్పైయెనిమిది అంటోంది. తమ్ముడు ముందు, అన్న తర్వాత పుట్టినట్టు! ఎవరో ఆ ఆఫీసు కంప్యూటరు గడియారం నలభై నిమిషాలు ముందుకి తిప్పారు. మొదటి బిల్డు అప్పుడు జరిగింది. మళ్ళీ వెనక్కి తిప్పేశారు. అందుకే దానికి నా దిద్దుబాటు పాతదిలా కనిపించింది. దాని గడియారంతో ఎవరికి పనుంటుంది? హాజరు పంచీలు తప్ప అందులో ఇంకేం...”

పిడి మీది చేతులు కదల్లేదు.

ఆవిడ తల తిప్పి చూసింది. మేస్త్రి మొహంలో రక్తం చుక్క లేదు. ఆఫీసు గది అద్దంలోంచి ఆ కంప్యూటరుకేసి చూస్తున్నాడు.

“పాప బడి మూడున్నరకి వదిలేస్తారు,” అన్నాడు నెమ్మదిగా.

“ఏ పాప?”

“తమ్ముడి కూతురు. వాళ్ళమ్మ డ్యూటీ ఆరింటిదాకా. నాలుక్కి ముందు పంచి కొడితే వీడు సగం రోజు సెలవు రాసేస్తాడు.” కూలబడ్డ మేనేజరు వైపు గడ్డంతో చూపించాడు. “రోజూ మూడూ ఇరవైకి గడియారం ముందుకి జరుపుతాను. తమ్ముడు పంచి కొట్టి వెళ్ళాక వెనక్కి జరుపుతాను. ఏడాదయింది. ఎవరికీ ఏం కాలేదు.”

అవడానికి అవకాశమే రాలేదు. ఆవిడ ఎప్పుడూ పొద్దున్న పూటే బిల్డు చేసేది. నిన్న ఒక్కరోజే మధ్యాహ్నమైంది.

“నాకు తెలీదు,” అంది స్క్రిప్టమ్మ.

“నాకు మాత్రం తెలుసా?”

అతను రాడ్డు బెంచి మీద పెట్టేశాడు. వైసు వదులు చెయ్యాలని గుర్తు రాలేదు. నడుచుకుంటూ ప్రెస్సు దగ్గరికెళ్ళి పచ్చ బటన్ నొక్కాడు. మోటారు గుర్రుమంది. కింది అచ్చు మీద పొద్దుటి మరక ఇంకా పూర్తిగా పోలేదు. నిలబడి కుడి చొక్కాచెయ్యి మడవడం మొదలుపెట్టాడు, ఒక్కో మడతా చదునుగా, పనిలోకి దిగేముందు రోజూ మడిచినట్టే.

ఆవిడకి అప్పుడు అర్థమైంది. మెషీనులో ఉన్నది ఇంకా పాత ప్రోగ్రామే. పెడలు తొక్కి, దిమ్మ కదిలాక చెయ్యి పెడితే అది ఆగదు. ఎలా ఆగదో ఇంతసేపూ విడమరిచి అతనికి చెప్పింది తనే.

“మేస్త్రిగారూ! వద్దు! అన్నా!”

అతను వినలేదు. ఆవిడ ఎడమచేత్తో వైసు పిడి పట్టుకుని తిప్పింది. బిగిసింది. అటు కాదు. ఇటు. ఒక తిప్పు, రెండు, మూడు. నలిగిన చెయ్యి ఊడి వచ్చింది. చర్మం కొంత ఇనుముకే ఉండిపోయింది. రాడ్డు అందుకుని పరుగెత్తింది. అతను పెడలు తొక్కేశాడు. దిమ్మ దిగుతోంది. చెయ్యి లోపలికి చాచాడు.

ఆవిడ జీవితంలో ఎవర్నీ కొట్టి ఎరగదు. ఎడమచేత్తో, ఉన్న బలమంతా పెట్టి మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు మోటారు హోరులోనూ వినిపించింది. చెయ్యి వెనక్కొచ్చింది. దిమ్మ ఖాళీ అచ్చు మీద ధడాలున దిగి ఫ్యాక్టరీ అంతా అదిరింది. అతను తూలుతుంటే భుజం మీద ఇంకోటి కొట్టింది. మొదటి దెబ్బ అతని చెయ్యి దక్కించడానికి. రెండోది తన రెండు వేళ్ళ కోసం.

మేస్త్రి నేలమీద పడి పిల్లాడిలా ఏడ్చాడు. “వాడికేం చెప్పను? వాడి మొహం ఎలా చూడను?” అన్నాడు. ఆవిడ గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది. మోటారు మూలుగుతూ ఆగింది. అతని జేబులోంచి తాళంచెవి తీసుకుంది. రాడ్డు మాత్రం వదల్లేదు.

“టైమెంతైంది?” అన్నాడతను ఉన్నట్టుండి.

అలవాటుగా ల్యాప్‌టాప్ వైపు తిరగబోయి, ఆగి, మణికట్టు వాచీ చూసుకుంది. “మూడూ ఇరవై.”

“వెనక వీధి. నీలం గేటు,” అన్నాడు. అడగలేక అడిగాడు. మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

ఆవిడ షట్టరు ఎత్తింది. జనం తోసుకుంటూ లోపలికొచ్చారు. ఎవరో పోలీసులకి ఫోన్ చేశామన్నారు, ఎవరో చెయ్యి చూసి అమ్మో అన్నారు, ఆస్పత్రికి పద పదమన్నారు. “పది నిమిషాల్లో వస్తాను,” అని వాళ్ళని తప్పించుకుంది. చున్నీతో చెయ్యి చుట్టేసి, రక్తం కనపడకుండా వెనక్కి పెట్టుకుని వీధి మలుపు తిరిగింది. నొప్పి ఇప్పుడు మళ్ళీ మొదలైంది. అడుగడుక్కీ భుజం దాకా పాకింది. పళ్ళు బిగించి నడిచింది.

బడి గేటు తెరిచేసరికి అక్కడుంది. పాప రెండుసార్లు ఫ్యాక్టరీకి వచ్చిన పిల్లే. గుర్తుపట్టి చెయ్యి ఊపింది. వీధి చివరిదాకా ఒకసారి చూసింది.

“స్క్రిప్టు ఆంటీ! నాన్న రాలేదేం? నాన్న పని అయిపోలేదా?”

రోజుకి పదిసార్లు ‘అయిపోయింది’ అనే మనిషి స్క్రిప్టమ్మ. అన్నం తిన్నంత సులువుగా అనేది. నోరు తెరిచింది. రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మంచి చేత్తో పాప బ్యాగు అందుకుంది.

“లేదమ్మా,” అంది. “ఇంకా కాలేదు.”