ఊఁ అనాల్సింది ఎవరు

కుట్టుపనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు, ఒక్క కత్తిరింపు దగ్గర తప్ప. గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర నోరు తెరిచి, అక్కడే ఆగిపోయేది. షాపు నడిపే పిన్ని వైపు చూసేది.

"కత్తిరించనా పిన్నీ?"

"లేదమ్మా, జోల పాడి పడుకోబెట్టు," అనేది పిన్ని. ఆ తర్వాత జాలిపడి "ఊఁ" అనేది. అప్పుడు గాని కత్తెర కదిలేది కాదు.

మొగుడింట్లో అయిన అలవాటు అది. పొయ్యి వెలిగించాలన్నా, అమ్మకు ఫోన్ చేయాలన్నా మొగుడు ఊఁ అనాలి. అడగకుండా చేస్తే చెయ్యి లేచేది. అడిగితే, ఆ మాత్రం తెలియదా అని లేచేది. మొత్తానికి ఆ చేతికి తీరిక ఉండేది కాదు.

ఆ చేతిని వదిలించుకుని వచ్చి షాపు వెనక గదిలో ఉంటోంది. పడుకుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు నడవాలో తోచదు. వీధిలో స్కూటరు ఆగితే ఇక్కడ మిషను ఆగుతుంది.

ఆ రోజు పిన్ని పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. స్కూటరు ఆగింది. ఈసారి నిజంగా అతనే.

"చిక్కిపోయావే," అన్నాడు గుమ్మంలో నిలబడి. అంత మెత్తటి గొంతు పెళ్ళయిన కొత్తలో కూడా వినలేదు. "జరిగిందేదో జరిగింది. ఇంటికి పోదాం పద. నిన్నేం అననులే."

ఆమె సుద్దగీతనే చూస్తోంది.

"మాట్లాడవేం? ఊఁ అను, చాలు. మిగతాది నేను చూసుకుంటా."

ఆమె తలెత్తింది. ఊఁ అనమంటున్నాడు. తనను! ఇన్నేళ్ళూ ఆ మాట అతని జేబులోనే ఉంటుందనుకుంది. తన దగ్గరా ఒకటుందని, అది ఇవ్వకపోతే ఈ మనిషి ఇలా గుమ్మం పట్టుకుని నిలబడిపోతాడని ఎవరూ చెప్పలేదు.

"ఊహూఁ," అంది.

గొంతు పీలగా వచ్చింది. వినపడలేదేమోనని మళ్ళీ అంది. "ఊహూఁ. రాను."

"ఎవర్ని అడిగి?" మెత్తదనం ఎగిరిపోయింది. గడప లోపలికి కాలు వేశాడు.

"ఏంటమ్మా, గొడవా?" పక్క చెప్పుల షాపాయన బయటికి వచ్చాడు.

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. "మళ్ళీ వస్తా," అని పళ్ళు కొరుకుతూ స్కూటరెక్కాడు.

ఆమె తలుపేసి గొళ్ళెం పెట్టింది. కూర్చోలేక షాపంతా అటూ ఇటూ తిరిగింది. కాసేపటికి తలుపు దబదబలాడింది.

"అమ్మాయ్! నేనే! నా షాపుకి నాకే గొళ్ళెమా?" నోట్లో దూది కుక్కుకున్న గొంతు.

"ఉండండి పిన్నీ," అంది లోపలినుంచి. "ముందు కిటికీలోంచి చూస్తాను. మీరైతేనే తీస్తాను."