కింద, చిన్న అక్షరాల్లో

మావెయ్ దీవి భాషలో కొత్త నిబంధన అచ్చయి మూడేళ్ళయింది. మొదటి పేజీలో అనువాద సంఘానికి పెద్ద అని కలోరిస్ పేరుంటుంది. పందొమ్మిదేళ్ళు పట్టిన పని అది. ఎవరింటికి వెళ్ళినా ఆయన్ని మంచి చాప మీద కూర్చోబెడతారు, ఆయనా కూర్చుంటాడు. ఎవరైనా ఆ పుస్తకం తెచ్చి, అందులో అపొస్తలులు సంఘాలకి రాసిన ఉత్తరాల్లో ఒకటి చదవమంటే మాత్రం కళ్ళజోడు తేలేదంటాడు. కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంటుంది.

తంటా అంతా ఒక్క మాట దగ్గర వచ్చింది. మావెయ్‌లో తోబుట్టువుని పిలవడానికి ఉన్నవి రెండే మాటలు. మగవాడు మగవాణ్ణి పిలిచినా, ఆడమనిషి ఆడమనిషిని పిలిచినా తాసి. ఆడామగా అయితే ఎవరు ఎవర్ని పిలిచినా గోరె. తాసి తేలిక మాట. తాసి భుజం మీద చెయ్యి వేయొచ్చు, తిట్టుకోవచ్చు, మర్నాడు కలిసి చేపలకి వెళ్ళొచ్చు. గోరెతో అలా కుదరదు. ఈడొచ్చాక గోరెతో ఎదురుపడి మాట్లాడరు, ఒక చాప మీద కూర్చోరు, చెప్పాల్సింది మూడో మనిషితో చెప్పిస్తారు. ప్రాణం పెట్టే మనిషి కాబట్టే అంత దూరం. కలోరిస్‌కి ఉన్నది ఒక్కతే గోరె, లీమాల. యాభై ఏళ్ళ పైగా ఆయన ఆమెతో సూటిగా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆమె తోటలో తవ్విన మొదటి పెండలం మాత్రం ఏటా ఆయనింటికే వచ్చేది.

ఎప్పుడో నూరేళ్ళ క్రితం వచ్చిన తెల్ల మిషనరీ, సహోదరులారా అనాల్సిన చోటల్లా తాసి అని రాసి పోయాడు. పాపం, ఆయనకి తెలిసింది ఆ ఒక్క మాటే. రాసిన అపొస్తలుడు మగవాడు, చర్చిలో చదివే పెద్ద మగవాడు, కాబట్టి ఆ పిలుపు మగవాళ్ళదే అయింది. ఉత్తరం మొదలవగానే ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని చర్చి వెనక్కి, ఆకుల్లో చుట్టిన లాప్‌లాప్ దుంపరొట్టె ఉడుకుతున్న గుంటపొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళని ఎవరూ పొమ్మనలేదు. ఇంకొకరికి వచ్చిన ఉత్తరం చదువుతుంటే నిలబడి వినడం మర్యాద కాదు కదా.

కొత్త అనువాదం అచ్చుకి వెళ్ళే ముందు ఒక పరీక్ష ఉంటుంది. ఆ పనిలో చెయ్యి పెట్టని మనుషుల్ని కూర్చోబెట్టి, చదివి వినిపించి, ఏమర్థమైందని అడుగుతారు. అందుకోసమే రాజధాని పోర్ట్ విలా నుంచి ఎస్తేర్ అనే సలహాదారు వచ్చింది. పన్నెండుమందిని పిలిచారు. వాళ్ళలో లీమాల ఒకతె. అన్నగారికి వీపు తిప్పుకుని తలుపు పక్కన కూర్చుంది.

మొదట ఎస్తేరే, పాత మాట అలాగే ఉన్న ఒక ఉత్తరాన్ని చదివింది. ఆమె నోట తాసి అన్న మాట రాగానే ఆడవాళ్ళు ఉలిక్కిపడి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు, తర్వాత ముందుకి జరిగారు. మగవాళ్ళు ఇబ్బందిగా నవ్వి, లేవాలా కూర్చోవాలా తెలియక అలాగే ఉండిపోయారు. అదే పేజీ తర్వాత కలోరిస్ చదివాడు. ఈసారి ఆడవాళ్ళు లేచారు.

ఎస్తేర్ వాళ్ళని ఆపి, ఈ ఉత్తరం ఎవరికి రాశారని అడిగింది.

"ఇందాక మాకు, ఇప్పుడు వాళ్ళకి," అంది లీమాల. "ఎవరి నోట్లో ఉంటే వాళ్ళ మనుషులకి. అసలు రాసినాయన ఎవరికి రాశాడో చదువుకున్నవాళ్ళు మీరే చెప్పాలమ్మా."

రాసింది అక్కడ కూడిన వాళ్ళందరికీ, ఆడామగా అందరికీ అని ఎస్తేర్ చెప్పింది. తాసిలారా, గోరెలారా అని రాస్తే సరిపోతుందంది. సంఘంలో ముగ్గురు సరే అన్నారు, ముగ్గురు కూడదన్నారు. ఇక తేల్చాల్సింది కలోరిస్.

ఆ సాయంత్రం మగవాళ్ళు చేరి కావా అనే మత్తు వేరురసం తాగే నకమాల్ పాకలో ఇదే గోల. తారిమాస్ అనే పెద్దాయన కావా తాగుతున్న కొబ్బరిచిప్ప దింపి, "ఒరే కలోరిస్, దీవిలో ఆడవాళ్ళందర్నీ మాకు గోరెల్ని చేసేస్తే, రేపట్నుంచి నా పెళ్ళాంతో మాట్లాడ్డానికి మూడో మనిషిని పెట్టుకోవాలా?" అన్నాడు. మూలనుంచి ఇంకొకాయన, "మాటల సంగతి సరేలే అన్నా, మిగతాదానికి ఎవర్ని పెట్టుకుంటావు?" అన్నాడు. కావా పొలమారేలా నవ్వారందరూ. తర్వాత గొంతులు మారాయి. తాతల నాటి వాక్యాన్ని కదపడానికి నువ్వెవరివన్నారు. తలొంచుకుని అనాల్సిన మాటని చర్చిలో పదిమంది ముందు కేకేస్తే దానికి బరువేం మిగులుతుందన్నారు. ఆ రెండోది నిజంగా ఆలోచించాల్సిన మాటే. కానీ కలోరిస్ దాని గురించి ఆలోచించలేదు. ఇందాకటి నవ్వులో తనూ నవ్వాడు. ఆ నవ్వు తర్వాత వాళ్ళకి ఎదురు చెప్పే మొహం ఆయనకి లేకుండా పోయింది.

మూడోనాడు భార్య లీటాంగి అన్నం పళ్ళెం ముందు పెట్టి పక్కనే కూర్చుంది. "నీ గోరె కబురంపింది. జన్మలో నిన్నేమీ అడగలేదట, ఇంకేమీ అడగదట. ఆ ఒక్క మాట పెట్టమంది. పిలిస్తే మేమూ వస్తాం కదా అంది."

చూద్దాంలే అన్నాడు.

చూశాడు. పైన తాసి అలాగే ఉంచి, పక్కన ఒక చుక్క పెట్టించి, పేజీ అడుగున చీమ తలంత అక్షరాల్లో, ఈ పిలుపు గోరెలకి కూడా వర్తిస్తుంది అని రాయించాడు. పెద్దలు ఊరుకున్నారు. ఎస్తేర్ పెదవి విరిచి సంతకం పెట్టింది. ఎవర్నీ నొప్పించకుండా గట్టెక్కానని కలోరిస్ మురిసిపోయాడు. చర్చిలో గట్టిగా చదివేవాళ్ళెవరూ పేజీ అడుగున ఉన్నది చదవరు. పందొమ్మిదేళ్ళు ఆ కాగితాల మధ్య బతికిన మనిషికి ఆ సంగతి తెలియదంటే ఎవరు నమ్ముతారు?

పుస్తకాన్ని ప్రతిష్ఠించిన రోజు ఆయనే చదివాడు. తాసిలారా అన్నాడు. ఆడవాళ్ళు లేచారు. లీమాల అందరికంటే వెనక నడిచి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఇంకో మాట వస్తుందేమోనని ఆగిందని ఆయనకి తెలుసు. ఆయన తర్వాతి వాక్యం చదివాడు.

మరుసటి ఏడు పెండలాల కాలానికి లీమాల చాప పట్టింది. కడుపులో ఏదో గడ్డ అన్నారు. విలా ఆసుపత్రికి రానంది. ఒకరోజు మధ్యాహ్నం, అన్నయ్యని ఒక ఉత్తరం చదివి వినిపించమని కబురు పెట్టింది. కలోరిస్ వెళ్ళి ఇంటి బయట వెదురు దడికి ఆనుకుని కూర్చున్నాడు. లోపల చాప మీద ఆమె ఉంది. ఇద్దరికీ మధ్య గుమ్మంలో లీటాంగి.

తాసిలారా అని చదివి, ఊపిరి పీల్చుకుని, "గోరెలారా" అన్నాడు. ఆ మాట ఆయన నోట అంత గట్టిగా ఎప్పుడూ రాలేదు.

"వదినా," అంది లీమాల, "ఆ మాట పుస్తకంలో ఉందేమో అడుగు."

దడిలోంచి ప్రతి అక్షరం వినబడింది. అయినా లీటాంగి ఇటు తిరిగి, "ఉందా అని అడుగుతోంది," అంది.

ఉందని అనేస్తే ఎవరడుగుతారు? లీమాలకి చదువు రాదు. లీటాంగికీ రాదు. కలోరిస్ అబద్ధమాడలేకపోయాడు, అదొక్కటీ ఆయన చేసిన మంచి.

"కింద ఉంది. చిన్న అక్షరాల్లో."

"కింద ఉందట."

"నా కోసం కలపొద్దని చెప్పు. నేను పోయాక నా కోడలికి ఇంకెవరో చదువుతారు. వాళ్ళు కలపరు. పైన ఎలా ఉందో అలాగే చదవమను."

చదివాడు. తాసి వచ్చిన ప్రతిచోటా తాసి అనే అంటూ చివరిదాకా చదివాడు. లీమాల మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు. అయిపోయాక, "బాగుంది వదినా," అంది. "మగవాళ్ళకి మంచి ఉత్తరమే వచ్చింది. మనకి రాసింది కూడా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది చదవమను."

కలోరిస్ పేజీలు తిప్పాడు. ఏ పేజీలో ఏముందో ఆయన వేళ్ళకే తెలుసు. ఒక ఉత్తరం, ఇంకో ఉత్తరం, అన్నిట్లోనూ తాసి. ఆడవాళ్ళని ఎదురుగా పిలిచి చెప్పిన చోటు ఒకటి దొరికింది. భార్యలు మొగుళ్ళకి ఎలా అణిగి ఉండాలో చెప్పే చోటు. లీమాల భర్త పోయి ఇరవై రెండేళ్ళయింది. ఆయన ఆ పేజీ తిప్పేశాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

"దొరకలేదా అని అడుగుతోంది," అంది లీటాంగి చాలాసేపటికి.

"వెతుకుతున్నానని చెప్పు," అన్నాడు కలోరిస్.