ముక్కులో కొట్టుకునే మందు

జొన్నరొట్టె తడుతుండగా వచ్చేది ప్రేమజ్యోతికి. కారణమంటూ ఉండేది కాదు. గుండె గొంతులోకొచ్చి కొట్టుకునేది, వేళ్ళు తిమ్మిరెక్కేవి, ఈ క్షణమే చచ్చిపోతానన్నంత భయం. పెనం మీద రొట్టె మాడిపోయేది. "పని ఎగ్గొట్టేదానికి ఇదొక నాటకం" అనేవాడు భర్త క్రాంతి కుమార్. "ప్రార్థన తగ్గించినావు, అందుకే" అనేది అత్త రాహేలమ్మ. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో నీళ్ళూ పొయ్యీ గొడ్లూ తనవే అయిన మనిషికి నాటకమాడే తీరిక ఎక్కడిదని ఎవరూ అనుకోలేదు. పోను పోను ఆమెకే అనుమానం పట్టుకుంది, నిజంగానే నటిస్తున్నానేమోనని.

అలాంటి భయాన్ని నిమిషాల్లో దించే కొత్త మందును కర్నూలులో పరీక్షిస్తున్నారని ఆశా వర్కర్ చెబితే, కోడుమూరులో బస్సెక్కింది.

"రెండుసార్లు రావాలమ్మా. ఒకసారి మందు, ఒకసారి ఉత్త నీళ్ళు ముక్కులో కొడతాం. ఏది ఎప్పుడో నీకూ తెలీదు, నాకూ తెలీదు" అంది డాక్టర్ శివకుమారి.

"మా ఆయన సంతకం కావల్లా మేడమ్?"

"నీదే చాలు."

మందు కొట్టాక, భయం పుట్టేలా, ముగ్గురు కొత్తవాళ్ళ ముందు అయిదు నిమిషాలు మాట్లాడాలి. మొదటిసారి నోరు పెగల్లేదు. చీర కొంగు తడిసేలా చెమట. భయం వందకు ఎంతని అడిగితే తొంభై అంది. ఇంటికొస్తే క్రాంతి కుమార్ నవ్వాడు: "నీ నాటకం వాళ్ళూ కనిపెట్టింటారులే."

వారం తర్వాత మళ్ళీ వెళ్ళింది. ఈసారి కాసేపటికి గది గోడలు మెల్లగా వెనక్కి జరిగినట్టనిపించింది. పుట్టింటి దగ్గర హంద్రి ఏట్లో కొత్త నీళ్ళొచ్చినప్పుడు మోకాటిలోతున నిలబడితే పాదాల కింద ఇసుక జారేది, అట్లా ఏదో జారిపోతోంది. ఆ నీళ్ళ గురించే చెప్పింది. గాజులు తీసి ఒడ్డున పెట్టి ఈదిన పిల్ల గురించి చెప్పింది. ఆ పిల్ల తనేనన్న సంగతి చెబుతూ చెబుతూ గుర్తొచ్చింది. టైమైపోయిందన్న మాట ఎక్కడో దూరాన వినిపించింది. భయం వందకు ఇరవై.

పరీక్షలన్నీ ముగిశాక డాక్టర్ ఫోన్ చేసింది. మొదటిసారి ఇచ్చింది ఉత్త నీళ్ళు. రెండోసారి మందు.

ప్రేమజ్యోతి ఫోన్ పక్కన పెట్టి జొన్నపిండి కలపడానికి కూర్చుంది.

"ఏమంటాండారు?" అన్నాడు క్రాంతి కుమార్.

"నీళ్ళకు తగ్గలేదంట, మందుకే తగ్గిందంట. ఏది నీళ్ళో నాకు తెలీనే తెలీదు, నాటకమైతే రెండుసార్లూ ఒకే తీరుగా ఉండల్ల. ఇంకో ఏడాది ఆ మందు ఇచ్చి చూస్తారంట. సోమవారం నుంచి పోతాండా."

"ఏడాదా? నన్నడిగినావా?"

"అడగల్యా" అంది ప్రేమజ్యోతి. "చెప్తాండా."