మూడో స్నానం

"ఈ ఈదురుగాలి తగిలిందంటే నీకు మళ్ళీ ఆయాసం వస్తుందే పద్మా. వెంటిలేటర్లో ఇప్పుడే మీ నాన్న పాత లుంగీ కుక్కేను, తియ్యకు. వేణ్ణీళ్ళే పోసుకో. తల బాగా తుడుచుకో."

"ఆయ్," అంది మా అమ్మాయి.

మా వైపు పెద్దవాళ్ళ మాటకి ఆయ్ అనడం మర్యాద. మా పద్మశ్రీ మాత్రం నన్ను వెక్కిరించడానికే అంటుంది.

రాజోలులో మా ఆడపడుచు మామగారు పోతే పరామర్శకి వెళ్ళి అప్పుడే ఆటో దిగాం. చావింటి నుంచి వచ్చినవాళ్ళు తలస్నానం చెయ్యనిదే ఇంట్లో దేన్నీ ముట్టుకోకూడదు. అందుకని గుమ్మం ఎక్కకుండా పక్క సందులోంచి పెరట్లోకి వచ్చాం. బాత్రూము పెరట్లోనే, ఓ మూలకి ఉంటుంది. తీగ మీద ఆరేసిన తువ్వాలు కూడా దాన్నే తీసుకోమన్నాను.

"పొద్దున్న ఓసారి. మధ్యాహ్నం ల్యాబ్ నుంచి రాగానే బస్సు మురికని ఓసారి. ఇది మూడోది. ఇంకొన్నాళ్ళు నీ దగ్గరుంటే అరిగిపోతానమ్మా."

"నోర్ముయ్, సాయంత్రంపూట ఏం మాటలవి? నలుగురి రక్తాలూ ముట్టుకునే ఉద్యోగం నీది. చేతులు సబ్బుతో కడుగుతున్నావా అసలు?"

"ఆయ్."

"గోళ్ళ సందుల్లో?"

"ఆయ్, ఆయ్." అంతలోనే దాని ముఖం మారింది. "చూడమ్మా, లోపలికెళ్ళేక అయ్యిందా, అయ్యిందా అని తలుపు బాదకు. తలంతా నురగతో ఎన్నిసార్లు పలకను నీకు? ఇవాళ పిలిస్తే పలకను. ఒట్టు."

"ఒట్లెందుకే!" అనేలోపే గడియ పడింది.

దాని కోపానికి కారణం లేకపోలేదు. పోయిన నెల అది కాస్త ఆలస్యం చేస్తే, పడిపోయిందనుకుని పక్కింటి శ్యామ్ బాబుని కేకేశాను. అతను తలుపు తన్నబోతుంటే ఇది చుట్టుకున్న తువ్వాలుతోనే బయటికొచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నా వంతు వచ్చేదాకా కొబ్బరిచెట్టు కింద నిలబడ్డాను. కాయ నెత్తిన పడుతుందేమోనని మళ్ళీ ఇవతలికి జరిగి, బట్టలుతికే రాయి దగ్గరికి వచ్చాను. లోపల మగ్గుతో పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. గోడ అడుగున తూములోంచి తెల్లగా నురగ వస్తోంది. అది చూస్తే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

కాసేపటికి మగ్గు చప్పుడు ఆగింది. పంపు ధార మాత్రం అలాగే పడుతోంది. తల రుద్దుకుంటోంది కాబోలు అనుకున్నాను. జారిపడిందేమో అని కూడా అనుకున్నాను. పడితే చప్పుడయ్యేదిగా అని నాకు నేనే చెప్పుకున్నాను. నా బుర్రకి ఎప్పుడూ చెడే ముందు తడుతుంది. ఇవాళైనా నోరు మూసుకుని ఉండాలని పంటి బిగువున నిలబడ్డాను.

తూము వైపు చూశాను. నురగ లేదు. ఉత్త నీళ్ళు, పొగలు కక్కుతూ కాలవలోకి పోతున్నాయి. బాల్టీ నిండి పొర్లిపోతోందన్నమాట. పంపు అలా వదిలేసే పిల్ల కాదు అది.

"పద్మా," అన్నాను మెల్లగా.

జవాబు లేదు. ఒట్టు పెట్టుకుంది కదా.

"పలకొద్దులేవే. మగ్గుతో గోడ మీద ఓసారి కొట్టు, చాలు."

నీళ్ళ చప్పుడే.

"తిట్టైనా తిట్టవే!"

అప్పుడు తలెత్తి వెంటిలేటరు చూశాను. నేను కుక్కిన లుంగీ ఈగ దూరే సందైనా లేకుండా బిగుసుకుని ఉంది. ఊరికే కరెంటు పోతుందని కువైట్ నుంచి మా ఆయన పట్టుబట్టి గ్యాసు గీజరు పెట్టించారు. బిగించిన కుర్రాడు వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "ఇది వెలిగినంతసేపూ ఆ వెంటిలేటరు తెరిచే ఉండాలండీ. మూసేస్తే విషగాలి నిండి లోపలున్న మనిషికి ప్రమాదమండీ." ఆయ్ అన్నాను నేను. పిల్లకి ఆయాసం వస్తుందన్న భయంలో ఆ మాటే మరిచిపోయాను.

రాయెక్కి లుంగీ పీకేశాను. వేడిగాలి గుప్పున ముఖానికి కొట్టింది. దిగి, గోడవారనున్న సిలిండరు కట్టేశాను. తలుపు గుద్దాను. "శ్యామ్ బాబూ!" అని అరిచాను.

అతను దడి మీంచి తొంగిచూశాడు. "మళ్ళీ ఏమైందండీ పిన్నిగారూ? పాపగారు సబ్బు మర్చిపోయేరా?"

"గునపం తే బాబూ! గ్యాసు! లోపల పిల్ల పలకట్లేదు!"

అతను ఇంకేమీ అడగలేదు. కొబ్బరికాయలు ఒలిచే గునపం పట్టుకుని దడి దాటి వచ్చాడు. దాన్ని తలుపు సందులో పెట్టి ఒక్క ఊపు ఊపేసరికి గడియ ఊడిపోయింది. అతను చటుక్కున అటు తిరిగాడు. "నేను చూడనండీ, మీరెళ్ళండి. కప్పేక పిలవండి. తొరగా!"

గోడకి చేరబడి, తల వాల్చేసి ఉంది నా తల్లి. మగ్గు ఇంకా చేతిలోనే ఉంది. నా ఒంటి మీది చావింటి చీరే విప్పి దానికి చుట్టాను. శ్యామ్ బాబు భుజాలు పట్టుకున్నాడు, నేను కాళ్ళు పట్టుకున్నాను. ఇద్దరం పెరటి నడుమకి తెచ్చి పడుకోబెట్టాం.

"ఊపిరి ఉందండీ," అన్నాడతను దాని ముక్కు దగ్గర వేలు పెట్టి. "గాలి తగలనివ్వండి. మీదకి వంగకండి." తన తువ్వాలు నా భుజాల మీద పడేసి, అవతలికి వెళ్ళి 108కి ఫోను చేస్తున్నాడు.

ఈదురుగాలి దాని తడి జుట్టు మీదుగా వీస్తోంది. అడ్డం కూర్చోకుండా పక్కకి జరిగాను. అరికాళ్ళు రుద్దాను. అరచేతులు రుద్దాను. గోళ్ళు శుభ్రంగా తెల్లగా ఉన్నాయి.

"పద్మా." పలకలేదు. "పద్మా, నేనే." చినుకులు మొదలయ్యాయి. కనురెప్పల మీద పడినా అది కదల్లేదు. "ఇంకెప్పుడూ తలుపు బాదనే. అయ్యిందా అని అడగను. ఈ ఒక్కసారికీ పలుకు."

రోడ్డు మీద ఏదో బండి వెళ్ళిపోయింది. 108 కాదది. శ్యామ్ బాబు ఫోనులో మా వీధి గుర్తులు చెబుతున్నాడు. నేను దాని చెయ్యి వదలకుండా పెదాలకేసే చూస్తున్నాను. ఎంతసేపు చూశానో నాకు తెలియదు.

"అమ్మ మాట వినబడుతోందా తల్లీ?"

పెదాలు వణికాయి. ముందు గాలొక్కటే వచ్చింది. తరవాత మాట వచ్చింది.

"ఆయ్," అంది.