చప్పుడు లేని చుట్టు

మా ట్రాక్‌లో ఒకరి మీద ఒకరు బురద చల్లుకోవడం తప్పు కాదు. దానికోసమే జనం టికెట్ కొనుక్కుని మరీ వస్తారు. మలుపు తిరిగే ప్రతి కారూ చెక్కల గ్యాలరీ మీదికి గుప్పెడు తడి బంకమట్టి విసిరేసి పోతుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు లెమనేడ్ గ్లాసుల మీద అరచేతులు మూసి నవ్వుతారు. చుట్టూ ఇండియానా మొక్కజొన్న చేలు, మధ్యలో ఒక మట్టి గుండ్రం, దాని మీద నడుమెత్తు పొట్టి కార్లు. మిడ్జెట్లంటారు. "కారున్నవాళ్ళంతా డ్రైవర్లు కారు" అని ప్రతి ఆదివారం మైకులో అంటాను. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు మూలుగుతారు. ఆ మూలుగే నా జీతం.

నా పేరు లైల్ హోస్టెట్లర్. ఈ ట్రాక్‌కి వ్యాఖ్యాతని. "వీడికి మైకే మైకం" అనేవాడు మా అన్న వెండెల్. నేను నోరు పెట్టుకుని బతికాను, వాడు చేతులు పెట్టుకుని బతికాడు. ముప్పై తొమ్మిదో నంబరు మిడ్జెట్ వాడిది. సొంతంగా కట్టుకుని, సొంతంగా నడిపి, సొంతంగా గోడకి కొట్టి, మళ్ళీ సొంతంగా కట్టుకున్న కారు. ఫిబ్రవరిలో ఒక పొద్దున గారేజీలో కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డవాడు అలాగే కిందికి జారి కూర్చున్నాడు. గుండె ఆగిపోయింది. ట్రాక్ మీద అన్ని పల్టీలు కొట్టి లేచినవాడు, కదలకుండా నిలబడి ఉన్నప్పుడు పోయాడు.

అప్పటినుంచి నాకేమీ అనిపించడం లేదు. పన్ను పీకేముందు చెంపకి సూది పొడుస్తారు చూడండి. అది మన చెంపే అని తెలుస్తుంది గాని మనదిలా ఉండదు. అలాగన్నమాట. చర్చిలో అందరూ లేచి పాడుతుంటే నేను ఈ ఏడాది గ్యాలరీ మెట్లకి ఏ రంగు వెయ్యాలా అని ఆలోచించాను. శవపేటిక మోస్తున్నప్పుడు ఒక జోక్ తట్టింది. బాగానే ఉంది. చెప్పలేదు. దాచుకోనూ లేదు, దానంతటదే పోయింది. మళ్ళీ ఇంకొకటి రాలేదు.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. డ్రైవరు పోతే, ఆ తర్వాతి సీజన్ మొదటి ఆదివారం అతని కారుని ట్రాక్ మీద ఒక చుట్టు తిప్పుతాం. ఇంజన్ వెయ్యకుండా. మిడ్జెట్ కారుకి ఎలాగూ సెల్ఫ్ ఉండదు, వెనకనుంచి ట్రక్కు తోస్తేనే ఇంజన్ అందుకుంటుంది. ఆ చుట్టులో మాత్రం ట్రక్కు తోస్తూనే ఉంటుంది, కారు మూగగా దొర్లుతూ ఉంటుంది. అప్పుడే నీళ్ళు కొట్టి దున్ని చదును చేసిన మట్టి మీద, ఇంకే చక్రమూ పడకముందు. జనం టోపీలు తీసి నిలబడతారు. మైకు కట్టేస్తారు. సీట్లో ఇంటివాళ్ళు ఒకరు కూర్చుని స్టీరింగ్ పట్టుకుంటారు.

"కూర్చునేది నువ్వే," అంది మా వదిన మార్లా. కార్లు నిలిపేచోట, వాళ్ళ ట్రైలర్ పక్కన, ముప్పై తొమ్మిదిని గుడ్డతో తుడుస్తోంది.

"ఆ సీట్లో నాది సగమే పడుతుంది."

"పట్టిన సగం కూర్చోబెట్టు. మిగతాది బయట వేలాడనీ."

"నువ్వే కూర్చోవచ్చుగా."

"నేను కూర్చుంటే బెల్టులెవరు బిగిస్తారు?" అంది. అదీ నిజమే. పెళ్ళయినప్పటినుంచి వెండెల్ బెల్టులు వేరే ఎవరూ ముట్టుకోలేదు.

గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది. "ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. ఇంజన్ అందుకోకూడదు. పోయిన సెప్టెంబరులో దీన్ని ఆపింది వెండెల్. దీని ఆఖరి చప్పుడు అతనిది. అది అలాగే ఉండిపోవాలి. మాటిస్తావా?"

"ఇచ్చా. నా దగ్గర మాటలు తప్ప ఇంకేముంది ఇవ్వడానికి."

"అలా కాదు. మామూలుగా ఇవ్వు."

"ఇచ్చాను, మార్లా."

సీట్లోకి దిగబోతుంటే ముక్కుకి ఘాటుగా తగిలింది. మిథనాల్. ఈ కార్లు తాగేది అదే. మూత తీసి చూస్తే ట్యాంకు నిండుగా ఉంది.

"నింపావా?"

మార్లా ట్యాంకు వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. "ఆదివారం కదా," అంది.

టైర్లలో గాలి కూడా సరిచూసి ఉంది. వెండెల్ హెల్మెట్ అద్దం మీద పలచని ప్లాస్టిక్ పొరలు ఒకదానిమీద ఒకటి అంటించి ఉన్నాయి. బురద పడినప్పుడల్లా పై పొర పీకి పారేసి ముందుకు పోవడానికి. బురదే ఎగరని చుట్టుకి పొరలెందుకని నేను అడగలేదు. అడిగే ఓపిక కూడా సూదిమందులోనే ఉండిపోయింది.

తోసే ట్రక్కు వచ్చి వెనక ఆగింది. మా చుట్టుపక్కల ఊళ్ళలో తోపులమని చెప్పుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, నిజంగా తోసే తోపు ఆర్వల్ ఒక్కడే. డెబ్భై దాటినవాడు. ఎంతమంది డ్రైవర్లు ఈ ట్రాక్ మీద మొదలయ్యారో అంతమందినీ వెనకనుంచి ఒక దెబ్బ కొట్టి మొదలుపెట్టినవాడు. కిటికీలోంచి తల బయటపెట్టి శాండ్‌విచ్ నములుతున్నాడు. మా వైపు శాండ్‌విచ్‌లో వేయించిన పంది మాంసం పలక అంత ఉంటుంది, బన్ను దాని మీద బొట్టంత ఉంటుంది.

"ఏరా లౌడ్‌స్పీకర్, పొద్దుటినుంచి వాల్యూమ్ లేదేంటి?"

"బ్యాటరీ అయిపోయింది పెద్దాయనా."

"నా దగ్గర బ్యాటరీ కబుర్లు చెప్పకు. ఏదైనా సరే తోస్తే స్టార్టవుద్ది."

"ఇవాళ స్టార్టవకూడదు. మెల్లగా తొయ్యాలి."

ఆర్వల్ నమలడం ఆపాడు. "మెల్లగా తోసిన పాపాన ఎప్పుడూ పోలేదురా. చూస్తాను. నేను చెప్తాను, కాలు వింటే."

హెల్మెట్ పెట్టుకుని సీట్లోకి దిగబడ్డాను. దిగడం కాదు, దిగబడడమే. మార్లా లోపలికి వంగింది. భుజాల మీదుగా ఒక బెల్టు, నడుం మీదుగా ఒకటి. "ఊపిరి వదులు" అంది. వదిలాను. లాగింది. "ఇంకా." వదిలాను. ఇంకా లాగింది. వెండెల్ నడుముకి అలవాటుపడిన బెల్టు నా పొట్ట మీద చివరి రంధ్రం వెతుక్కుంది. ఆమె కళ్ళు బెల్టు మీదే ఉన్నాయి. కుడిచెయ్యి మాత్రం తన దారిన తాను కిందికి పోయి, నా మోకాలి పక్కనున్న గేరు కర్రని ముందుకి నెట్టింది. టక్‌మంది. తర్వాత ఆ చెయ్యే పైకొచ్చి హెల్మెట్ మీద రెండుసార్లు తట్టింది. వెళ్ళు అని అర్థం.

ఆ టక్ నాకు వినిపించింది. గేరులో పడిందని తెలిసింది. గేరులో ఉన్న కారుని తోస్తే ఇంజన్ తిరుగుతుందనీ తెలుసు. చెప్పాలి కదా అనుకునేలోగా ఆర్వల్ ట్రక్కు బంపర్ నా వీపుని ముద్దు పెట్టుకుంది.

కదిలాం. తడి మట్టి నల్లగా, గీత కూడా లేకుండా ఉంది. గ్యాలరీలో అందరూ లేచారు. టోపీలు గుండెల మీదికి చేరాయి. నా చోటు, మైకు గది, ఖాళీగా కనిపించింది. మొదటి మలుపు దాకా బాగానే ఉంది. రెండో మలుపులో నా కాళ్ళ ముందున్న ఇంజన్ ఫుస్సు, ఫుస్సు మని ఊపిరి తీయడం మొదలుపెట్టింది. నిప్పు లేదు, వట్టి గాలి. గేరులో ఉన్న కారు బరువుగా ఉంటుంది. ఆ బరువు ట్రక్కుకి తగలగానే యాక్సిలరేటర్ మీద ఆర్వల్ కాలు కిందికి దిగుతుంది. గ్యాలరీకి అవతలివైపు తిన్నటి దారిలో దిగింది. నా తల వెనక్కి కొట్టుకుంది.

కంచె పక్కన నిలబడ్డవాళ్ళు టోపీలు పట్టుకునే ముందుకి వంగారు. ఆ చప్పుడు వాళ్ళకి తెలుసు. దాని తర్వాత ఏ చప్పుడు రావాలో కూడా తెలుసు.

ముందున్న మీటరులో ఆయిల్ సూది లేచింది. అది అక్కడిదాకా వస్తే ఇంధనం పిడి తిప్పి స్విచ్ వెయ్యడమే, ఇంజన్ అందుకుంటుంది. ఎన్ని వందలసార్లు వెండెల్ చెయ్యగా చూశాను. నా బొటనవేలు స్విచ్ మీదికి ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. అక్కడ ఉంది. వెయ్యాలని లేదు. వెయ్యకూడదనీ లేదు. లోపల వెతికాను. ఏదో ఒకటి ఉంటే దాని మాట విందామని. ఖాళీ గదిలో లైటు వేసి చూసినట్టుంది. మాటిచ్చానని మాత్రం గుర్తుంది. మనిషికి ఇంకేమీ పనిచెయ్యనప్పుడు ఇచ్చిన మాట పనిచేస్తుంది కాబోలు. వేలు తీసి స్టీరింగ్ మీద పెట్టుకున్నాను.

అలా ఫుస్సుమంటూనే చుట్టు పూర్తయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకూడదు.

మార్లా ఎదురొచ్చి, బెల్టు విప్పడానికి వంగి, ఆగిపోయింది.

"గేరెవరు వేశారు?"

"నువ్వే."

"నేనా?"

"నెత్తి మీద రెండుసార్లు తట్టి మరీ పంపించావు."

ఆమె గేరు కర్ర వైపు చూసింది. "ఆయిల్ వచ్చిందా?"

"వచ్చింది."

"మరి స్విచ్ వెయ్యలేదే?"

"వద్దన్నావుగా."

"అన్నాను," అంది.

ఆర్వల్ ట్రక్కు దిగి కుంటుకుంటూ వచ్చాడు. "తప్పు నాదే తల్లీ. కాలు విన్లేదు." నా వైపు చూశాడు. "మన ముగ్గుర్లో మాట విన్నది వీడొక్కడు. పుట్టాక ఎవరి మాటా విననోడు."

మార్లా ముక్కులోంచి చిన్నగా గాలి వదిలింది. నవ్వు కావచ్చు. అవతల వరసలో మిగతా కార్లు తమ వంతు కోసం నిలబడి ఉన్నాయి. వాళ్ళందరూ కలిసి తిరిగితే గాని ఈ తడి మట్టి గట్టిపడదు, అది గట్టిపడితే గాని పందెం మొదలవదు. ఎవరూ తొందరపెట్టడం లేదు. ట్రాక్ మీద ఒక్క చుట్టు జాడే ఉంది. ఆమె దాన్నే చూస్తోంది.

"పొద్దున ట్యాంకు నింపాను లైల్. నింపుతున్నట్టు నాకు తెలియనే తెలియదు. గాలి చూశాను. అద్దానికి పొరలు అంటించాను. ఇప్పుడేమో గేరు." చేతులు చంకల్లో దాచుకుంది, ఇంకేమైనా చేసేస్తాయేమో అన్నట్టు. "సెప్టెంబరులో అతను దీన్ని ఆపాడు చూడు. ఆఖరిసారని ఆపలేదు. మళ్ళీ వెయ్యొచ్చులే అని ఆపాడు."

స్టీరింగ్ వదలకుండా తలెత్తి ఆమె వైపు చూశాను.

"ఆర్వల్," అంది ఆమె. "మళ్ళీ తొయ్."

"ఆచారం ఒక్క చుట్టే తల్లీ."

"ఆచారం అయిపోయింది. ఇది మామూలు ఆదివారం."

ఆర్వల్ తల గోక్కుని ట్రక్కు వైపు నడిచాడు. మార్లా వంగి ఇంధనం పిడి తనే తిప్పింది. మీటరు మీద గోటితో ఒక చోట చూపించింది. "సూది ఇక్కడికి వచ్చాక వెయ్యి. తొందరపడి ముందు వేశావో, చంపేస్తాను. ఇంజన్ పాడైతే మళ్ళీ కట్టడానికి ఇప్పుడు మనిషి లేడు." అని హెల్మెట్ మీద రెండుసార్లు తట్టింది. ఈసారి తట్టిన చేతిని చూసుకుంటూ తట్టింది.

ఆర్వల్ ఈసారి కాలికి ఏమీ చెప్పలేదు. మొదటి మలుపు దాటగానే సూది వచ్చింది. వేశాను.

నేను ఇన్నేళ్ళు ఆ చప్పుడు మైకు గదిలోంచి విన్నాను, దాన్ని మించి అరిచాను. లోపలనుంచి అది చప్పుడులా ఉండదు. పళ్ళలో ఉంటుంది. ముంజేతుల్లో ఉంటుంది. కాళ్ళకి వేడి కొట్టింది. ముందు చక్రాలు మట్టిని పెళ్ళగించి నా మొహం మీదికి విసిరాయి. గ్యాలరీలో జనం ఏం చేశారో నాకు తెలియదు. కనిపించలేదు. అన్నీ ఎడమ మలుపులే, ఎడమకే తిరుగుతూ పోయాను. ఎడమబాట అనే మాట తట్టింది. ఎడబాటుకి పక్కింట్లో ఉంటుంది. అంత్యక్రియల తర్వాత తట్టిన మొదటి జోక్ అదే. పెద్ద గొప్పగా ఏమీ లేదు. వెండెల్ అయితే మూలిగేవాడు.

మార్లా ట్రాక్ అంచున నిలబడి మెడ మీద వేలితో అడ్డంగా గీసి చూపించేదాకా తిప్పాను. ఆపేశాను. ఇంజన్ ఆగాక చెవుల్లో ఇంకా నడుస్తోంది.

ఆమె వచ్చి వంగింది. "ఆయిల్ ఎంత చూపించింది?" అంది. వెండెల్‌ని ప్రతిసారీ మొదట అడిగేది అదే.

"చూడలేదు."

"చూడాలి."

"సరే."

అద్దంలోంచి నా మొహంలోకి చూసింది. "ఏడుస్తున్నావా?"

"మిథనాల్. పొగకి కళ్ళు మండుతున్నాయి."

"అవును," అంది. "మండుతాయి."

వెనక మిగతా కార్లు ఒక్కొక్కటే కదిలాయి. ఆర్వల్ అప్పుడే వేరొకణ్ణి తోస్తున్నాడు. మా రెండు జాడల మీదుగా వాళ్ళు తిరగడం మొదలుపెట్టారు. మార్లా చెయ్యి చాచి నా హెల్మెట్ అద్దం మీది బురద పొర అంచు పట్టుకుని పీకింది. దాన్ని పారెయ్యకుండా మడిచి జేబులో గుడ్డ పక్కన పెట్టుకుంది. నాకు ఆమె మొహం కాస్త స్పష్టంగా కనిపించింది. కాస్తే. పీకిన పొర కింద ఇంకా పొరలున్నాయి.