సెలవు రోజు ఆముదం

మా నాన్నా నేనూ ఒక గిన్నెలో వండింది తిని ఐదేళ్ళు దాటింది. నేను బాప్తిస్మం తీసుకున్న రోజు సాయంత్రం నాన్న వంటింట్లోకి వెళ్ళి మూడు గిన్నెలు ఏరుకొని, వాటి అడుగున మేకుతో అడ్డగీతలు గీసుకున్నాడు. అరవలేదు, తిట్టలేదు.

"నీ తిండి నీది, నా తిండి నాది. మరేటీ గొడవ లేదు" అన్నాడు.

అప్పటినుంచి బిలాస్‌పుర్ రైల్వే కాలనీలో మా రెండు గదుల క్వార్టర్లో ఒకే గ్యాసు పొయ్యి మీద పక్కపక్కనే రెండు అన్నాలు ఉడుకుతున్నాయి. నాన్న తన గదిలో తింటాడు. నేను వంటింట్లో నిలబడి తింటాను.

నాన్న పేరు అప్పలస్వామి. విజయనగరం పక్కనుంచి వచ్చి ముప్పై ఆరేళ్ళు రైలింజన్ల షెడ్డులో ఖలాసీగా చేశాడు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. నాకు రైల్వే ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చినప్పుడు షెడ్డంతా లడ్డూలు పంచాడు. అమ్మ పోయిన ఏడాది నాకు నిద్ర పట్టేది కాదు. ఆఫీసులో పక్క సీటు జయప్రకాష్ వాళ్ళు గుడి అని పిలిచే చర్చికి రమ్మంటే వెళ్ళాను. అక్కడ పాటలు, ప్రార్థన అన్నీ హిందీలోనే. తెలుగువాళ్ళం ఇద్దరమే. అయినా ఆ రాత్రి నిద్ర పట్టింది. ఇంతకుమించి నేను ఎవరికీ వివరించి చెప్పలేకపోయాను, నాన్నకు అసలే చెప్పలేకపోయాను.

ఎండలు ముదరకముందు ఆముదం తాగి కడుపు శుభ్రం చేసుకోవడం నాన్నకు చిన్నప్పటి అలవాటు. నిరుడు తాగి, నీరసంతో బాత్రూములో పడిపోయాడు. నేను ఆఫీసులో ఉన్నాను. పక్క క్వార్టరు మాధవీలత గారు చప్పుడు విని లేపి కూర్చోబెట్టారు. అందుకని ఈ ఏడాది బలవంతాన దయాల్‌బంద్‌లో ఓంకార్ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన నాడి చూసి, హిందీలో ఒక కాగితం రాసిచ్చాడు. నాన్నకు చదువు రాదు కాబట్టి నేనే చదివాను. వసంతంలో కఫం కరుగుతుంది కనుక ముందు రెండు వారాలు ఒళ్ళు తేలిక చెయ్యాలి. పొద్దున్న గోరువెచ్చటి నీళ్ళలో తేనె. పగలంతా ఏమీ వద్దు. పొద్దుగూకాక పెసరపప్పు, బార్లీ జావ. మాంసం, పెరుగు, వేపుళ్ళు బంద్. ఆ తర్వాత, అబ్బాయికి సెలవున్న రోజు చూసి, శొంఠి కషాయంలో ఆముదం. ఆ రోజునుంచి మూడు రోజులు ఉత్త జావే.

"ఒక్కడివే చెయ్యకు చాచా. ఇంట్లో ఇంకొకరు తోడుగా చేస్తే మంచిది" అన్నాడు వైద్యుడు.

కాగితం నా చేతిలో ఉంది. అప్పటికి మా శ్రమదినాలు, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, మొదలై దాదాపు నెల అయింది. నేను రోజూ పొద్దుగూకేదాకా ఉపవాసం ఉండి, ఒక్కపూట మాంసం లేకుండా తింటున్నాను. వేరువేరుగా తినే ఇల్లు కనుక నాన్నకు తెలియదు. కాగితంలో ఉన్నది అచ్చం నేను చేస్తున్నదే.

"నేను చేస్తాను నాన్నా, నీతోపాటు" అన్నాను.

నాన్న నా పొట్ట వైపు చూశాడు. "చెయ్యాల్సిందే. మీ ఆఫీసోళ్ళకి కుర్చీ కంటే పొట్టే పెద్దది" అన్నాడు. వైద్యుడు నవ్వాడు. నేనూ నవ్వాను.

తిరిగొచ్చేటప్పుడు నాన్న బజారులో ఆగి కొత్త మట్టికుండ కొన్నాడు.

"మళ్ళీ కుండ ఎందుకు?"

"ఇది తిండి కాదురా, మందు. మందుకి పట్టింపేటి? ఒకేసారి కాసీసుకుందాం."

ఆ సాయంత్రం ఇద్దరికీ కలిపి రెండు గుప్పిళ్ళ పెసరపప్పు కడిగి కుండలో వేశాడు. చాప పరిచాడు. ఐదేళ్ళ తర్వాత నాన్న ఎదురుగా కూర్చున్నాను. ప్రార్థన కళ్ళు తెరుచుకొనే, లోపల్లోపలే చేసుకున్నాను. ఉపవాసం నలుగురికీ చాటుకోకూడదని మా గుడిలో చెబుతారు. నేను దాచింది ఆ మాట విని కాదు, భయంతో. ఆ తేడా నాకు తెలుసు.

"ఏట్రా ఇది, గోడకి సున్నం ఏసినట్టుంది" అన్నాడు నాన్న మొదటి గుక్క తాగి. "మీ యమ్మ ఉంటే దొంగతనంగా ఇంత ఉప్పు ఏసేసును."

అమ్మ పేరు ఆ ఇంట్లో అంత మామూలుగా వినపడి ఎన్నాళ్ళయిందో!

తర్వాతి రోజుల్లో షెడ్డు కబుర్లు చెప్పాడు. స్టీము ఇంజన్లు పోయి డీజిల్ వచ్చినప్పుడు పెద్దవాళ్ళు ఏడ్చిన సంగతి చెప్పాడు. నేను ఆఫీసు నుంచి సైకిలు గబగబా తొక్కుకుంటూ వచ్చేవాణ్ణి. ఆకలి వల్ల కాదు. గుడిలో పాస్టరు గారు ఉపవాసం ఎలా సాగుతోందని అడిగితే, బాగానే ఉందండీ అన్నాను. ఉపవాసంలో ఇంత సంతోషం ఉండొచ్చా అని ఆయన్ని అడగలేకపోయాను. అడిగితే మిగతాదీ చెప్పాల్సి వచ్చేది.

పదో రోజు నాన్న గోడమీది రైల్వే క్యాలెండరు దగ్గర నిలబడ్డాడు. అక్షరాలు రాకపోయినా ఎర్ర అంకెలు తెలుసు.

"శుక్రవారం నీకు ఛుట్టీ ఉంది కదా. ఆ రోజు ఏసుకుందాం ఆముదం."

అది గుడ్ ఫ్రైడే. ఆ రోజు మధ్యాహ్నం మూడు దాకా నేను మంచినీళ్ళు కూడా ముట్టను.

"ఆదివారం పెట్టుకుందాం నాన్నా."

"ఆదివారం నువ్వు మీ గుడికి పోతావు కదరా! ఆ పూట పాడవడం ఎందుకు?" అన్నాడు.

నా కోసం ఆలోచించి అన్నాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నేను చెప్పలేదు. నాలుగు రోజులు, ఇంకా నాలుగు సాయంత్రాలు ఉన్నాయని లెక్కపెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే శొంఠి వాసనకు మెలకువ వచ్చింది. నాన్న రెండు స్టీలు గ్లాసుల్లో కషాయం పోసి, ఆముదం కలిపి, గట్టుమీద పెట్టాడు.

"ముక్కు మూసుకో. ఒక్క గుక్కలో దించీయాల."

గ్లాసు పట్టుకున్నాను. వేడిగా ఉంది. తాగేస్తే పోయేది. దేవుడు క్షమిస్తాడనే అనుకున్నాను. కానీ నా చెయ్యి లేవలేదు.

"నాన్నా, నేను ఈ రోజు తాగకూడదు."

"ఏటి, వొంట్లో బాగులేదేటి?"

"ఈ రోజు మాకు ఉపవాసం. ఈ రోజే కాదు, నెలన్నర నుంచీ చేస్తున్నాను. నీతో కూర్చున్నన్ని రోజులూ కూడా."

నాన్న నా గ్లాసు వైపు చూశాడు. బయట యార్డులో రైలు పెట్టెలు తగిలిస్తున్న చప్పుడు ఒకటి తర్వాత ఒకటి వినబడింది.

"అచ్ఛా. అయితే ఇన్నాళ్ళూ నేను నీతో తిన్నది మందు కాదన్నమాట" అన్నాడు.

"మందే నాన్నా. రెండూను."

"రెండూ ఎలగవుద్దిరా?"

తన గ్లాసు ఎత్తి తాగేశాడు. నాది సింకులో ఒంపి, గ్లాసు కడిగి బోర్లించాడు.

పన్నెండింటికి గుడిలో ఆరాధన మొదలైంది. జయప్రకాష్ ఫోను చేస్తే రాలేనని చెప్పాను. బాత్రూము తలుపు పక్కన నేలమీద కూర్చున్నాను. నాన్న అప్పటికి ఐదుసార్లు వెళ్ళాడు.

"ఎల్లు. మీ గుడికి ఎల్లు" అన్నాడు లోపలినుంచి.

"వెళ్ళను."

"నేను పడిపోనులే."

"పోయినేడాదీ అదే అన్నావు."

రెండింటికి బయటికొస్తూ గోడ పట్టుకున్నాడు. జబ్బ కింద చెయ్యి వేశాను. విదిలించుకోలేదు, నా వైపు చూడనూ లేదు. మంచం మీద పడుకోబెట్టాను. నా నాలుక పిడచకట్టుకుపోయింది. మూడు దాటాక గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి ముందు నాన్నకు పట్టాను. తాగాడు. మిగిలినవి వంటింట్లోకి వచ్చి నేను తాగాను.

సాయంత్రం కుండ కడుగుతుంటే గదిలోంచి గొంతు వినబడింది.

"కుండొద్దు. నా గిన్నెలో కాయి."

గీత ఉన్న గిన్నెలో ఒక గుప్పెడు పప్పుతో పల్చటి జావ కాచి ఇచ్చాను. గోడవైపు తిరిగి కూర్చొని తాగాడు. నేను వంటింట్లో నిలబడి, నా గిన్నెలో నేను కాచుకున్నది తాగాను. శనివారమూ అంతే గడిచింది. చాప చుట్ట చుట్టి తలుపు వెనక నిలబెట్టి ఉంది.

ఆదివారం తెల్లవారుజామున గుడికి వెళ్ళాను. ఈస్టరు ఆరాధన అయ్యాక బయట పూరీ, కూర, కేకు పెట్టారు. ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. నన్నూ కౌగిలించుకున్నారు. పళ్ళెం చేతికిచ్చారు. నాకిక ఏ నియమమూ మిగలలేదు, ఏదైనా తినొచ్చు. వైద్యుడి కాగితం ప్రకారం నాన్నకు మాత్రం మూడో రోజు, ఇంకా జావే. పళ్ళెం జయప్రకాష్‌కి ఇచ్చేసి వచ్చేశాను.

ఇంట్లో చప్పుడు లేదు. నాన్న మంచం మీద అటు తిరిగి పడుకొని ఉన్నాడు. నిద్రో కాదో తెలియలేదు. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె ఉంది. మూత తీశాను. జావ ఈసారి కొంచెం చిక్కగా ఉంది. సగందాకా తాగి, సగం వదిలినట్టుంది. ఆకలి లేక మిగిల్చాడా, నాకోసం ఉంచాడా? అడగలేదు.

వంటింట్లో నిలబడి తాగాను. చల్లారిపోయింది. ఉప్పు ఉంది.

గిన్నె కడుగుతుంటే అడుగున మేకు గీత వేలికి గరుకుగా తగిలింది.