సెంటర్ చూడు, విలువ పెట్టు

మా రామకోటేశ్వరరావు గారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. గవర్నర్‌పేటలో లెక్చరర్ పరీక్షలకు కోచింగ్ సెంటర్ నడుపుతారాయన. కాంప్లెక్స్ ఎనాలిసిస్ నేను చెబుతాను, షార్ట్‌కట్లు ఆయన చెబుతారు. వృత్తం మీద హార్మోనిక్ ఫంక్షన్ సగటు అడిగితే ఇంటిగ్రల్ జోలికి పోకుండా కేంద్రం దగ్గరి విలువ వేసేయాలట. "సెంటర్ చూడు, విలువ పెట్టు" అని పిల్లల చేత వల్లె వేయిస్తారు. ఫంక్షన్ వృత్తం లోపలంతా హార్మోనిక్‌గా ఉంటేనే అది చెల్లుతుందన్న ముక్క మాత్రం ఆయన నోట రాదు.

ఫ్రీ సీటు కోసం పెట్టిన టెస్టులో ఆయన ఇచ్చిన లెక్క ఇది. సున్నా కేంద్రంగా, రెండు వ్యాసార్థంగా ఉన్న వృత్తం మీద లాగ్ |z−1| సగటు ఎంత? కేంద్రం దగ్గర సున్నా వస్తుంది. క్లాసంతా సున్నా వేసింది, జవాబుల కీలో కూడా సున్నాయే. కానీ z ఒకటైన చోట ఆ ఫంక్షన్ పాతాళానికి పోతుంది. ఆ చుక్క వృత్తం లోపలే ఉంది కాబట్టి ఆయన షార్ట్‌కట్ ఇక్కడ చెల్లదు. అసలు జవాబు లాగ్ రెండు. అది రాసింది బ్లెస్సీ ఒక్కతే. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చే ఆ పిల్లకు ఆ ఒక్క మార్కుతో సీటు పోయింది. ఫీజు కట్టి చదివే స్తోమత వాళ్ళింట్లో లేదు.

నాకు ఒళ్ళు మండింది. పేపరు పట్టుకుని, బ్లెస్సీని వెంటబెట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"కీ తప్పండీ," అన్నాను.

"తెలుసండీ ఛాయాదేవి గారూ, నిన్ననే చూశా. ఇప్పుడు మారిస్తే మన మెటీరియలే తప్పని ఊరంతా పొక్కుద్ది."

తెలియక చేస్తే దిద్దుకోవచ్చు. తెలిసి చేసే మనిషికి ఏ సిద్ధాంతం చెప్పను?

ఆయన బ్లెస్సీ వైపు పెన్ను జరిపారు. "చూడమ్మా, అది కొట్టేసి సున్నా వెయ్యి. సీటు నీదే. రేపెవరన్నా అడిగితే నీ పేపరు కూడా కీతో కలవాలి కదా."

"వెయ్యకు," అన్నాను.

బ్లెస్సీ పెన్ను తీసుకుంది. లాగ్ రెండు మీద గీత కొట్టి, పక్కన సున్నా చుట్టింది.

"జవాబు మీకు తెలుసు, నాకు తెలుసు, సారుకీ తెలుసండీ," అంది నాతో మెల్లగా. "సీటు మాత్రం నాకొక్కదానికే కావాలి మేడం."

ఆయన ఆ సున్నా పక్కన రైటు కొట్టి, గుడ్ అన్నారు. ఆ చెయ్యి విరిచేయాలన్నంత కోపం వచ్చింది నాకు. ఆ పిల్ల మీద మాత్రం రాలేదు.